మ్యూనిక్‌లో ఉదయం 10 గంటలకు ఇంటర్వ్యూ, ఉండేది కెమ్నిట్జ్‌లో: ప్రయాణం ఎలా పెట్టుకోవాలి?

ప్రశ్న ఇది: కెమ్నిట్జ్‌లో మాస్టర్స్ చివరి సెమిస్టర్. వచ్చే గురువారం ఉదయం 10 గంటలకు మ్యూనిక్ పక్కన గార్షింగ్‌లో ఇంటర్వ్యూ, నేరుగా రమ్మన్నారు. చేతిలో డాయిచ్‌లాండ్ టికెట్ (ప్రాంతీయ రైళ్ళు, నగర రవాణాకి నెలవారీ పాస్) ఉంది. తెల్లవారుజామున బయల్దేరితే సరిపోతుందా? రైలు ఆలస్యమైతే ఏం చేయాలి? ఛార్జీలు కంపెనీ ఇస్తుందా?

మొదటిదానికి సమాధానం: సరిపోదు. బుధవారమే వెళ్ళి అక్కడ పడుకోండి. ఇంటర్వ్యూ రోజు పొద్దున దూరప్రయాణపు రైలు ఎక్కే పరిస్థితే పెట్టుకోవద్దు. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

లెక్క గేటు దగ్గర మొదలుపెట్టి వెనక్కి కట్టండి. 10 గంటలకు గదిలో కూర్చోవాలంటే 9:45కి రిసెప్షన్‌లో ఉండాలి. మ్యూనిక్ ప్రధాన స్టేషన్ నుంచి గార్షింగ్‌కి మెట్రో మారడంతో కలిపి 35 నిమిషాలు, దిగాక నడక ఇంకో పది. అంటే 8:45కల్లా మీ రైలు మ్యూనిక్‌లో ఆగి ఉండాలి. లైప్‌జిగ్ నుంచి మ్యూనిక్‌కి ఐసీఈలో, అంటే వేగపు దూరప్రయాణపు రైలులో, సుమారు మూడుంపావు గంట. కెమ్నిట్జ్ నుంచి లైప్‌జిగ్‌కి ఆర్ఈ6 అనే ప్రాంతీయ రైలులో గంట. మధ్యలో మారడానికి సమయం కలిపితే తెల్లవారుజామున 4 ప్రాంతంలో ఇల్లు వదలాలి. అదీ ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా అన్నీ నడిస్తేనే. 2024లో జర్మన్ రైల్వే సంస్థ డీబీ దూరప్రయాణపు రైళ్ళలో సమయానికి వచ్చినవి 62.5 శాతం. ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని వాళ్ళు ‘సమయానికి’ వచ్చినట్టే లెక్కేస్తారు. రద్దయిన రైళ్ళు ఈ లెక్కలోకి రావు. ఇలాంటి చోట ఒకే ఒక్క రైలు మీద ఉద్యోగాన్ని పెట్టడం తెలివైన పని కాదు. సమయానికి చేరినా, మూడింటికి లేచిన మనిషి పదింటికి సాంకేతిక ప్రశ్నలకు సమాధానం చెప్పాలి. ఆ అలసట గొంతులోనే తెలిసిపోతుంది.

బుధవారం కూడా చివరి రైలు పట్టుకోవద్దు. లైప్‌జిగ్ నుంచి మ్యూనిక్‌కి గంటకో రెండు గంటలకో ఒక ఐసీఈ ఉంటుంది. మీరు ఎక్కే రైలు తర్వాత అదే రోజు ఇంకో రెండు రైళ్ళు మిగిలి ఉండాలి, కొలత అదే. సాయంత్రం 6, 7 మధ్య మ్యూనిక్ చేరేది ఎంచుకుంటే ఆ వెసులుబాటు ఉంటుంది. చేరాక పగటి వెలుతురు ఉంటే ఆ రోజే గార్షింగ్ దాకా ఒకసారి వెళ్ళి గేటు చూసి రండి. డాయిచ్‌లాండ్ టికెట్ మ్యూనిక్ మెట్రో, ట్రామ్, బస్సు, ఎస్‌బాన్ (శివారు రైలు) అన్నిటికీ చెల్లుతుంది కాబట్టి దానికి అదనపు ఖర్చు లేదు.

ఇక టికెట్ సంగతి. మనవాళ్ళు ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

డాయిచ్‌లాండ్ టికెట్ ప్రాంతీయ రైళ్ళకే చెల్లుతుంది: ఆర్ఈ, ఆర్‌బీ, ఎస్‌బాన్. ఐసీఈ, ఐసీ ఎక్కితే టికెట్ లేని ప్రయాణికుడి కిందే లెక్క. అందుకని చాలామంది ఒక ఉపాయం చేస్తారు. కెమ్నిట్జ్ నుంచి లైప్‌జిగ్ దాకా డాయిచ్‌లాండ్ టికెట్ మీద వెళ్ళి, లైప్‌జిగ్ నుంచి మాత్రమే ఐసీఈకి చౌక టికెట్ కొంటారు. మిగిలేది కొన్ని యూరోలు. కానీ అప్పుడు మీ ప్రయాణం రెండు వేర్వేరు ఒప్పందాలైపోతుంది. ఆర్ఈ6 నలభై నిమిషాలు ఆలస్యమై ఐసీఈ తప్పిపోతే ఆ చౌక టికెట్ చెల్లదు, కొత్తది ఆ క్షణపు ధరకు కొనాలి. ఆర్ఈ6 నడిచే మార్గంలో చాలా భాగం ఒంటి లైను, డీజిల్ మార్గం. ఎదురు రైలు కోసం ఒక బండి ఆగితే వెనకవన్నీ ఆగుతాయి. కాబట్టి టికెట్ కెమ్నిట్జ్ స్టేషన్ నుంచి మ్యూనిక్ దాకా ఒకటే కొనండి. చాలాసార్లు ధరలో తేడా స్వల్పం, ఒక్కోసారి తేడానే ఉండదు. రెండు రకాలుగానూ వెతికి చూడండి.

ఒకే టికెట్ ఉంటే వచ్చే లాభం ఇది. స్పార్‌ప్రైస్, సూపర్ స్పార్‌ప్రైస్ అనే చౌక టికెట్లకు త్సూగ్‌బిండుంగ్ ఉంటుంది, అంటే టికెట్‌లో రాసిన ఐసీఈనే ఎక్కాలి. గమ్యానికి 20 నిమిషాలు లేదా అంతకు మించి ఆలస్యంగా చేరతారని తేలితే ఆ కట్టు తెగిపోతుంది. వేరే రైలు, వేరే దారి, తర్వాతి ఐసీఈ, ఏదైనా అదే టికెట్ మీద ఎక్కవచ్చు. ఆలస్యం ఆర్ఈలో మొదలైనా సరే, టికెట్ ఒకటే అయితే ఈ హక్కు పనిచేస్తుంది. యాప్‌లో ఆ రైలు పక్కన ‘త్సూగ్‌బిండుంగ్ ఔఫ్‌గెహోబెన్’ (కట్టు ఎత్తేశారు) అని కనబడగానే స్క్రీన్‌షాట్ తీసుకోండి, తనిఖీకి వచ్చిన వాళ్ళకు చూపించడానికి. డాయిచ్‌లాండ్ టికెట్‌కి ఈ హక్కు లేదు. ప్రాంతీయ రైలు ఎంత ఆలస్యమైనా దాని మీద ఐసీఈ ఎక్కనివ్వరు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఆ కట్టు ఐసీఈ, ఐసీలకే. టికెట్‌లో ఉన్న ప్రాంతీయ రైలు భాగానికి లేదు. టికెట్ మీద 13:30 ఆర్ఈ అని ఉన్నా, మీరు ఒక గంట ముందరి ఆర్ఈలో లైప్‌జిగ్ వెళ్ళిపోవచ్చు. అలాగే వెళ్ళండి. లైప్‌జిగ్ స్టేషన్ టెర్మినల్ కాబట్టి పై ప్లాట్‌ఫారాలన్నీ ఒకే అడ్డ హాలులోకి తెరుచుకుంటాయి, మెట్లు ఎక్కి దిగే పని లేదు. ఆ గంట అక్కడ కూర్చోవడం ఇబ్బందేమీ కాదు. యాప్‌లో వెతికేటప్పుడే మారే సమయాన్ని కనీసం 30 నిమిషాలుగా పెట్టండి. మామూలుగా అది చూపించే ఎనిమిది, పది నిమిషాల మార్పులు కాగితం మీద బాగుంటాయి.

స్పార్‌ప్రైస్, సూపర్ స్పార్‌ప్రైస్‌లలో ఏది? సూపర్ స్పార్‌ప్రైస్ రద్దు కాదు. ఇంటర్వ్యూ తేదీలు మారడం ఇక్కడ మామూలే, ఎవరికో జ్వరం వచ్చిందని ముందు రోజు మెయిల్ వస్తుంది. స్పార్‌ప్రైస్‌ని ప్రయాణపు రోజుకి ముందు కొంత కోతతో రద్దు చేసుకోవచ్చు. తేడా ఐదారు యూరోలైతే స్పార్‌ప్రైస్ తీసుకోండి. తేదీ ఖాయమైన రోజే కొనండి, రోజులు గడిచేకొద్దీ ధర పెరుగుతుంది. ఇకపై ఇంటర్వ్యూలు వరసగా ఉంటాయనుకుంటే మూడు నెలల ప్రోబె బాన్‌కార్డ్ 25 (తాత్కాలిక రాయితీ కార్డు) లాభమే, చౌక టికెట్ల మీద కూడా 25 శాతం తగ్గుతుంది. కాకపోతే గడువులోపు రద్దు చేయకపోతే అది దానంతటదే ఏడాది కార్డుగా మారి బిల్లు ఇంటికొస్తుంది. కొన్న రోజే రద్దు లేఖ కూడా పంపేయండి. కార్డు మూడు నెలలూ మామూలుగానే పనిచేస్తుంది.

సీటు రిజర్వేషన్ టికెట్‌లో భాగం కాదు, రెండో తరగతికి 5 యూరోల పైచిలుకు విడిగా కట్టాలి. ఈ ప్రయాణానికి కట్టండి. మూడు గంటలు తలుపు దగ్గర నిలబడి వెళ్ళడం ఇంటర్వ్యూ ముందు రోజు వద్దు. రెండు రైళ్ళు కలిపి నడిపే సర్వీసులుంటాయి, వాటి మధ్య లోపలి నుంచి దారి ఉండదు. ప్లాట్‌ఫారం మీద ఏ అక్షరం దగ్గర మీ బోగీ ఆగుతుందో యాప్‌లో చూసుకుని అక్కడే నిలబడండి. చివరి నిమిషంలో బోగీల వరస తిరగబడిందని ప్రకటిస్తే కంగారుపడి పరుగెత్తకండి. దగ్గరి తలుపు ఎక్కి లోపల నడవండి. కాకపోతే ఎక్కింది సరైన సగంలోనే అని చూసుకోవాలి.

చవకగా పోవాలంటే డాయిచ్‌లాండ్ టికెట్‌తోనే పూర్తి ప్రయాణం కూడా ఉంది. ఆర్ఈ3లో కెమ్నిట్జ్ నుంచి త్స్వికావ్ మీదుగా హోఫ్, అక్కడ మారి రేగెన్స్‌బుర్గ్ మీదుగా మ్యూనిక్. ఆరు గంటల పైనే పడుతుంది. బుధవారం మీకు క్లాసులు లేకపోతే, మధ్యాహ్నం లోపు బయల్దేరగలిగితే ఇది చెడ్డ దారేమీ కాదు. సీట్లు దొరుకుతాయి, చదువుకోవచ్చు. దీని అసలు విలువ మాత్రం ప్రత్యామ్నాయంగానే. లైప్‌జిగ్ వైపు లైను మూసుకుపోయిన రోజున కూడా ఈ దారి తెరిచే ఉండవచ్చు. ఆ నిర్ణయం కెమ్నిట్జ్‌లోనే తీసుకోవాలి, లైప్‌జిగ్ వెళ్ళాక కాదు. ఇంటి నుంచి కదిలే ముందు యాప్‌లో మీ ఐసీఈ పరిస్థితి చూడండి. ‘ఫెల్ట్ ఔస్’ అని ఉంటే రైలు రద్దయినట్టు. రైలు మార్గాల మరమ్మతులు కూడా ముందే చూసుకోవాలి. 2024లో ఫ్రాంక్‌ఫర్ట్, మాన్‌హైమ్ మధ్య రీడ్‌బాన్ మార్గంతో మొదలుపెట్టి డీబీ పెద్ద మార్గాలను ఒక్కోదాన్ని నెలల తరబడి పూర్తిగా మూసి బాగుచేస్తోంది. ఆ రోజుల్లో రైలు బదులు బస్సు వేస్తారు, గంటకి గంట ఎక్కువ పడుతుంది.

రాత్రి బస్సు గురించి కూడా తరచుగా అడుగుతారు. తెల్లవారుజామున హాకర్‌బ్రూకె దగ్గర బస్ స్టేషన్‌లో దింపుతుంది, ప్రధాన స్టేషన్‌కి అది ఒక ఎస్‌బాన్ స్టాప్ దూరం. హోటల్ ఖర్చు మిగులుతుంది నిజమే. కానీ నిద్ర లేదు, స్నానం లేదు, పొద్దున తెరిచి ఉండే చోటు వెతుక్కోవాలి. తిరుగు ప్రయాణానికి బస్సు వాడండి, వెళ్ళేటప్పుడు వద్దు.

బస ఎక్కడ? ప్రధాన స్టేషన్ పక్కన కాకుండా యూ6 మెట్రో లైను మీద వెతకండి: గార్షింగ్, ఫ్రాయిమాన్, స్టూడెంటెన్‌స్టాట్, మ్యూంష్నర్ ఫ్రైహైట్. పొద్దున ఒకే బండి, మారే పని లేదు. మ్యూనిక్‌లో పెద్ద ట్రేడ్ ఫెయిర్ ఉన్న రోజుల్లో, సెప్టెంబర్ మూడో వారం నుంచి అక్టోబర్ మొదటి ఆదివారం దాకా సాగే అక్టోబర్‌ఫెస్ట్ రోజుల్లో గదుల ధరలు రెండింతలు, మూడింతలు అవుతాయి. అప్పుడు ఆగ్స్‌బుర్గ్‌లోనో ఇంగోల్‌స్టాట్‌లోనో ఉండి పొద్దునే ప్రాంతీయ రైలులో రావడం గత్యంతరం అవుతుంది, ఆ రైళ్ళు తరచుగా ఉంటాయి. ఇంకో తిరకాసు ఫుట్‌బాల్. అలియాంజ్ అరీనా ఉన్నది యూ6 మీద ఫ్రోట్‌మానింగ్ స్టేషన్ దగ్గరే. ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు మంగళ, బుధవారాల్లో ఉంటాయి. మీరు బుధవారం సాయంత్రం సూట్‌కేస్‌తో ఆ బండి ఎక్కాలంటే మ్యాచ్ ఉందేమో చూసుకోండి. ఉంటే మ్యాచ్‌కి రెండు గంటల ముందు, అయిపోయిన తర్వాత ఒక గంట ఆ లైను ఎక్కకండి.

మ్యూనిక్‌లో మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు, ఎవరో ఒకరింట్లో ఉండటం ఖర్చు తప్పిస్తుంది. వాళ్ళ ఇల్లు ఎక్కడుందో అడగండి. డాహావ్, ఫ్రైసింగ్ వైపు అయితే పొద్దున ఎస్‌బాన్ మీద ఆధారపడాలి. వాళ్ళింట్లో ఉంటే మొహమాటపడకుండా, పదింటికల్లా పడుకోవాలని వెళ్ళిన వెంటనే చెప్పేయండి. వాళ్ళూ అర్థం చేసుకుంటారు.

గురువారం పొద్దున సంగతి. మ్యూనిక్ ఎస్‌బాన్ లైన్లు దాదాపు అన్నీ ప్రధాన స్టేషన్ నుంచి ఓస్ట్‌బాన్‌హోఫ్ దాకా ఒకే సొరంగంలోంచి పోతాయి. అక్కడ ఒక సిగ్నల్ పాడైతే ఊరంతా ఆగుతుంది. అందుకని ప్రధాన స్టేషన్ నుంచి బయల్దేరాల్సి వస్తే ఎస్‌బాన్‌లో మారియెన్‌ప్లాట్స్ వెళ్ళకుండా, యూ4 లేదా యూ5లో రెండు స్టాపులు పోయి ఓడియోన్స్‌ప్లాట్స్‌లో యూ6 మారండి. లేదా యూ1, యూ2లో ఒక్క స్టాప్ పోయి సెండ్లింగర్ టోర్‌లో మారండి. యూ6 బండ్లన్నీ గార్షింగ్ దాకా పోవు. కొన్ని ఫ్రోట్‌మానింగ్‌లోనే ఆగి వెనక్కి తిరుగుతాయి. బోర్డు మీద ‘గార్షింగ్ ఫోర్షుంగ్స్‌త్సెంట్రుమ్’ అని ఉన్నదే ఎక్కండి. గార్షింగ్ పేరుతో మూడు స్టేషన్లున్నాయి: హోఖ్‌బ్రూక్, గార్షింగ్, ఫోర్షుంగ్స్‌త్సెంట్రుమ్. పారిశ్రామికవాడలోని కంపెనీలకు ఎక్కువగా హోఖ్‌బ్రూక్, పరిశోధనా సంస్థల వైపు చివరిది. ఆహ్వానంలోని చిరునామాని వీధి నంబరుతో సహా మ్యాప్‌లో పెట్టి చూడండి. కంపెనీ పేరు మాత్రమే పెడితే వేరే శాఖ చూపించవచ్చు.

సమ్మె ఉందా లేదా అనేది రెండు రోజుల ముందు నుంచే చూడాలి. మెట్రో, ట్రామ్‌లు నగర సంస్థవి, ఎస్‌బాన్ డీబీది. నగర సిబ్బంది సమ్మె చేస్తే యూ6 ఆగుతుంది కానీ ఎస్‌బాన్ నడుస్తుంది, రైలు డ్రైవర్ల సమ్మె అయితే తలకిందులు. యూ6 ఆగిన రోజు ఎస్8లో ఇస్మానింగ్ దాకా వెళ్ళి అక్కడి నుంచి టాక్సీ తీసుకోవచ్చు, దూరం తక్కువే. టాక్సీని ముందు రాత్రే ఫోన్ చేసి చెప్పుకోండి. సమ్మె రోజు పొద్దున అందరూ ఒకేసారి పిలుస్తారు, బండి దొరకదు.

గేటు దగ్గర పావుగంట ఎందుకంటే, పెద్ద కంపెనీల్లో పాస్ తయారు చేస్తారు, పాస్‌పోర్టో నివాస అనుమతి కార్డో అడుగుతారు. కొన్నిచోట్ల ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ వేస్తారు. తయారీ విభాగం చూపిస్తామన్నారంటే మూసి ఉన్న బూట్లు తప్పనిసరి. అరగంట ముందే వెళ్ళి లోపల కూర్చోవడం కూడా ఇక్కడ మర్యాద కాదు. ముందే చేరితే బయట ఒక బేకరీలో కూర్చుని పది, పదిహేను నిమిషాల ముందు గేటు దగ్గరికి నడవండి.

మన పేర్లతో ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, రెండు మూడు పేర్లు ఇంకోచోట ఉంటాయి. కంపెనీ సందర్శకుల జాబితాలో మధ్యపేరే ఇంటిపేరుగా పడి ఉండవచ్చు. రిసెప్షన్‌లో పేరు దొరకలేదంటే కంగారు పడకుండా ఆహ్వాన మెయిల్ తెరిచి, మిమ్మల్ని పిలిచిన వాళ్ళ పేరు చూపించండి. రైలు టికెట్ మీద పేరు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, తనిఖీలో గుర్తింపు కార్డు అడిగే హక్కు వాళ్ళకుంది. వీసా పొడిగింపు పెండింగ్‌లో ఉండి ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ (అప్పటిదాకా ఉండవచ్చని ఇచ్చే తాత్కాలిక పత్రం) ఉంటే దాన్ని పాస్‌పోర్టుతో కలిపి అసలు ప్రతిగా పెట్టుకోండి, ఫోటో సరిపోదు.

సంచిలో ఏం ఉండాలో క్లుప్తంగా: టికెట్ పీడీఎఫ్ ఫోన్‌లో దింపుకుని, కాగితం మీద కూడా ఒక ప్రతి. కంపెనీ ఫోన్ నంబరు కాగితం మీద రాసి. పవర్ బ్యాంక్, ఎందుకంటే ప్రాంతీయ రైళ్ళలో ప్లగ్ ఉంటుందన్న నమ్మకం లేదు. చిల్లర నాణేలు, స్టేషన్ టాయిలెట్‌కీ సామాను లాకర్‌కీ. చొక్కా ఇంకొకటి. కోటు వంట వాసన పట్టేస్తుంది. ఒకే గదిలో వండుకుని ఉండేవాళ్ళు దాన్ని రెండు రోజుల ముందే జిప్ కవర్‌లో మూసి పెట్టాలి. రైలులో మామూలు బట్టలు వేసుకోండి, పొద్దున గదిలో మార్చుకోండి. పులిహోర రైలుకి నిక్షేపంగా పనికొస్తుంది, ఒక పూటంతా నిలవ ఉంటుంది. గురువారం ఉదయం మాత్రం తేలిగ్గా తినండి.

ఇన్ని చేసినా ఆలస్యం కావచ్చు. పదికి చేరలేనేమో అని అనుమానం రాగానే ఫోన్ చేయాలి, మెయిల్ కాదు. మెయిల్ వాళ్ళు ఇంటర్వ్యూ గదిలోంచి చూడరు. ఈ నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకుని ముందు రాత్రి రెండుసార్లు పైకి చదవండి: ‘గూటెన్ మోర్గెన్, మైన్ నామె ఇస్ట్’ అని పేరు చెప్పి, ‘ఇష్ హాబె హోయ్టె ఉమ్ త్సేన్ ఊర్ ఐన్ ఫోర్‌ష్టెలుంగ్స్‌గెష్‌ప్రేష్. మైన్ త్సూగ్ హాట్ లైడర్ ఫెర్‌ష్పేటుంగ్. ఇష్ కొమ్మె ఫోరౌస్‌జిష్ట్‌లిష్ ఉమ్ హాల్బ్ ఎల్ఫ్ ఆన్.’ ఈ రోజు పదింటికి ఇంటర్వ్యూ ఉంది, రైలు ఆలస్యమైంది అని చెబుతున్నారు, చివరి వాక్యానికి పదిన్నరకి చేరతానని అర్థం. అరగంట ఆలస్యమైతే ‘హాల్బ్ ఎల్ఫ్’ అనే చెప్పాలి, ‘హాల్బ్ త్సేన్’ అంటే తొమ్మిదిన్నర అవుతుంది. ఈ తికమక చాలామందికి వస్తుంది. అంచనా సమయం ఒక పది నిమిషాలు ఎక్కువే చెప్పండి. రెండోసారి ఫోన్ చేసి ఇంకా ఆలస్యమని చెప్పడం కన్నా అది మేలు. గంటకి పైగా అయితే మీరే దారి చూపండి: ‘క్యోనెన్ వియర్ డెన్ టెర్మిన్ ఫెర్‌షీబెన్ ఓడర్ ఓన్‌లైన్ మాఖెన్?’ అంటే తర్వాతికి మార్చవచ్చా, లేకపోతే ఆన్‌లైన్‌లో చేయవచ్చా అని. రైలు ఆలస్యాలు ఇక్కడ వాళ్ళకి కొత్త కాదు. చెప్పకుండా ఆలస్యంగా రావడమే వాళ్ళకు నచ్చదు. కారణం ఒక్క వాక్యంలో ముగించండి. గదిలోకి వెళ్ళాక ఒకసారి క్షమాపణ చెప్పి, మళ్ళీ ఆ మాట ఎత్తకండి.

బుధవారం రాత్రి దారిలోనే చిక్కుకుంటే? ఆ రోజు ఆఖరి రైలు రద్దయి అర్ధరాత్రి లోపు గమ్యం చేరే దారి లేకపోతే, రైల్వే వాళ్ళు వేరే ఏర్పాటు చేయకపోతే, టాక్సీకి 120 యూరోల దాకా తిరిగి ఇస్తారు. అవసరమైతే హోటల్ ఖర్చు కూడా. కానీ ముందు స్టేషన్‌లో సమాచార కౌంటర్ దగ్గరికో, రైలు సిబ్బంది దగ్గరికో వెళ్ళి అడగాలి. ఎవరూ లేకపోతే మూసి ఉన్న కౌంటర్ ఫోటో తీసుకుని, రసీదులన్నీ ఉంచుకోండి.

ఇప్పుడు ఛార్జీలు. జర్మన్ పౌర చట్టం, అంటే బీజీబీ 670వ సెక్షన్ ప్రకారం ఇంటర్వ్యూకి పిలిచిన కంపెనీ అవసరమైన ప్రయాణ ఖర్చులు ఇవ్వాలి, ఉద్యోగం ఇచ్చినా ఇవ్వకపోయినా. మినహాయింపు ఒక్కటే: పిలిచేటప్పుడే ఇవ్వమని స్పష్టంగా చెబితే ఆ హక్కు పోతుంది. కాబట్టి ఆహ్వాన మెయిల్‌ని చివరి గీత దాకా చదవండి. ‘రైజెకోస్టెన్ క్యోనెన్ నిష్ట్ ఎర్‌ష్టాటెట్ వెర్డెన్’ (ప్రయాణ ఖర్చులు తిరిగి ఇవ్వలేము) లాంటి వాక్యం ఉందా అని చూడండి. ఏమీ లేకపోయినా, వస్తున్నట్టు చెప్పే జవాబులోనే ఒక మర్యాదైన వాక్యంలో అడిగేయడం మంచిది. తర్వాత వాదన ఉండదు. రెండో తరగతి టికెట్, సీటు రిజర్వేషన్, హోటల్ అడగవచ్చు. హోటల్ ఎందుకంటే ఐదు గంటల దూరం నుంచి 10 గంటలకు రావాలంటే తెల్లవారుజాము 4కి బయల్దేరాలి, అది ఎవరి నుంచీ ఆశించరు. హోటల్ బిల్లు మీ పేరు మీదే తీసుకోండి. ముందే ఉన్న డాయిచ్‌లాండ్ టికెట్ ఖర్చు మాత్రం అడగకండి, అది ఈ ప్రయాణం కోసం కొన్నది కాదు.

కంపెనీ ఇవ్వనంటే ఇంకో రెండు దారులున్నాయి. చదువు పూర్తయి ఉద్యోగ వెతుకులాట అనుమతి మీద ఉండి, ఆగెంటూర్ ఫ్యూర్ ఆర్బైట్‌లో, అంటే ప్రభుత్వ ఉపాధి కార్యాలయంలో, పేరు నమోదు చేసుకున్నవాళ్ళు అక్కడి ప్రయాణ సహాయానికి దరఖాస్తు పెట్టవచ్చు. ఇవ్వడం అధికారి నిర్ణయం. ముఖ్యం ఏమిటంటే దరఖాస్తు ప్రయాణానికి ముందే వెళ్ళాలి, వచ్చాక అడిగితే కుదరదు. రెండోది ఆదాయపు పన్ను. చేతి నుంచి పెట్టిన టికెట్, హోటల్ ఖర్చుని ఉద్యోగ ప్రయత్న ఖర్చుగా రిటర్న్‌లో చూపవచ్చు. బయట ఎనిమిది గంటలు దాటిన రోజుకి, వెళ్ళే రోజుకి, వచ్చే రోజుకి భోజనానికి 14 యూరోల చొప్పున లెక్కగడతారు. మాస్టర్స్ రెండో చదువు కిందికి వస్తుంది కాబట్టి, ఈ ఏడాది ఆదాయం లేకపోయినా ఆ నష్టాన్ని ఉద్యోగం వచ్చే ఏడాదికి మోసుకుపోవచ్చు. రసీదులు ఒక కవరులో దాచండి.

తిరుగు టికెట్ తొందరపడి బిగించవద్దు. ఇంటర్వ్యూ బాగా సాగితే టీమ్‌ని కలవమంటారు, భోజనానికి తీసుకెళ్తారు. రెండింటి రైలుకి చౌక టికెట్ కొని ఉంటే మీ దృష్టి గడియారం మీదే ఉంటుంది. సాయంత్రం 5 తర్వాతి ఐసీఈ తీసుకోండి. హోఫ్ మీదుగా డాయిచ్‌లాండ్ టికెట్‌తోనే వద్దామనుకుంటే మధ్యాహ్నం 3 లోపు మ్యూనిక్ వదలాలి, ఆ తర్వాతైతే రాత్రి హోఫ్‌లో ఆగిపోయే ప్రమాదముంది.

రైలు ఆలస్యానికి పరిహారం కూడా వదులుకోకండి. గమ్యానికి 60 నిమిషాలు ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలైతే 50 శాతం. ఆలస్యం వల్ల ఇంటర్వ్యూకే అర్థం లేకుండా పోయి, మధ్యదారిలోంచి వెనక్కి రావాల్సి వస్తే పూర్తి డబ్బు అడగవచ్చు, వెనక్కి రావడానికి వేరే టికెట్ కొననక్కర్లేదు. డాయిచ్‌లాండ్ టికెట్‌కి గంట ఆలస్యానికి 1.50 యూరో చొప్పున, మొత్తం 4 యూరోలు దాటాకే ఇస్తారు. కాబట్టి అలాంటివి పోగుచేసి ఒకసారి పంపండి. యాప్‌లో ఆ ప్రయాణం తెరిస్తే దరఖాస్తు అక్కడే ఉంటుంది, పది నిమిషాల పని. గడువు మూడు నెలలే, పాత పోస్టుల్లో కనబడే ఒక ఏడాది గడువు 2023లో మారిపోయింది. కంపెనీ మీకు టికెట్ డబ్బు ఇచ్చేటట్టయితే, రైల్వే నుంచి వచ్చిన పరిహారం సంగతి వాళ్ళకు పంపే లెక్కలో రాయండి.